మిషను జబ్బు ముందు కాలికే తెలుస్తుంది

కుట్టు మిషనుకు తగిలించే చిన్న మోటారుకు బరువు తెలియదు. లోపల నూనె జిగురైపోయినా, కింది దారం ఉండే షటిల్ వెనక దారపు ముక్క ఇరుక్కున్నా, గుడ్డను జరిపే పళ్ల కింద దూది పేరుకున్నా అది లాగుతూనే ఉంటుంది. సూది విరిగినప్పుడో, మోటారు వేడెక్కి కాలిన వాసన వచ్చినప్పుడో గాని సంగతి బయటపడదు. కాలితో తొక్కే మిషను అట్లా కాదు. నిన్నటికన్నా ఇవాళ రవ్వంత బరువెక్కితే పిక్కలు వెంటనే పసిగట్టేస్తాయి. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో జాకెట్లు కుట్టే ఆడవాళ్లు ‘మిషిని బరువుగ నడుస్తున్నది’ అంటారు. వైద్యుడు నాడి పట్టి చెప్పే మాటకు అదేమీ తీసిపోదు. బరువు ఎక్కడిదో విడమరిచి చూసుకోవడం తెలిస్తే పాత తొక్కుడు మిషను బాగుచేతలో ముప్పాతిక వంతు తెలిసినట్టే.

ఈ మిషన్లు ఇప్పుడు ఏ పనికి మిగిలాయో ముందు చూడాలి. హనుమకొండ, వరంగల్ బజార్లలో ప్యాంట్లు, షర్టులు కుట్టే షాపులు చాలావరకు మోటారుకో, ఫ్యాక్టరీల్లో వాడే జూకీ కరెంటు మిషనుకో మారిపోయాయి. జూకీ నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తుంది. ఎంత చేయి తిరిగిన దర్జీ తొక్కినా కాలు మిషను వందల్లోనే ఉంటుంది. అక్కడ పోటీ లేదు, పెట్టుకోవడమూ దండగే. తొక్కుడు మిషను మిగిలింది ఇళ్లల్లో, వరండా మూలన, కిటికీ వెలుతురు పడే చోట. జాకెట్లు, లంగాలు, చీరల ఫాల్సులు, బిగుతైనవి విప్పి వదులు చేయడం, పెద్దవి చిన్నవి చేయడం దాని పని. బతుకమ్మ ముందు పదిహేను రోజులు, పెళ్లిళ్ల సీజను దానికి పంట కాలం. సర్కారు బడుల యూనిఫాంలు కుట్టే పనిని 2024లో మహిళా సంఘాలకు అప్పగించాక బడులు తెరిచే జూన్ నెల కూడా ఆ లెక్కలో చేరింది.

కరెంటు కోతల వల్లే ఇవి బతికాయని ఒక మాట ఉంది. ఒకప్పుడు నిజమే. ఇళ్లకు కరెంటు పోవడం తగ్గిన తర్వాత కూడా ఇవి మూలన పడలేదంటే కారణం ఇంకోటి ఉండాలి. జాకెట్టు మెడ వంపు దగ్గర పైపింగ్ తిప్పేటప్పుడు, హుక్కుల పట్టీ చివర మూల మలిచేటప్పుడు ఒక్కో కుట్టూ లెక్కే. సరిగ్గా ఆ కుట్టు దగ్గర సూది గుడ్డలోనే దిగి ఆగాలి, గుడ్డను అదిమే పాదం లేపి గుడ్డ తిప్పుకోవాలి, మళ్లీ రెండే రెండు కుట్లు వేయాలి. చవక మోటారు పెడలు నొక్కితే రెండు కుట్లు అనుకున్నది ఆరు అవుతాయి. కాలు మిషనులో తొక్కే కాలే బ్రేకు కూడా. మెల్లగా పోవడం దాని లోపమని లెక్కేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

యంత్రం చాలా తేలిక. కింద తొక్కుడు పలక, దాన్నుంచి పైకి లేచే కడ్డీ, ఆ కడ్డీ తిప్పే పెద్ద ఇనుప చక్రం, దాని గాడిలోంచి బల్ల రంధ్రాల గుండా పైకి పోయే తోలు బెల్టు, పైన చిన్న చక్రం. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేలోపు చిన్నది నాలుగైదు చుట్లు తిరుగుతుంది, అంటే కాలు ఒకసారి కిందికి పోయి పైకి వచ్చేసరికి నాలుగైదు కుట్లు పడతాయి. కడ్డీ నిట్టనిలువుగా ఉన్న రెండు చోట్ల, పైనొకటి, కిందొకటి, ఎంత తొక్కినా చక్రం కదలదు. సైకిలు పెడలు నిటారుగా ఉన్నప్పుడు ఎగబడి తొక్కితే ఎట్లా ఉంటుందో అట్లాగే. ఆ రెండు చోట్లూ దాటించడానికే పెద్ద చక్రాన్ని అంత బరువుగా పోతపోశారు. మొదలుపెట్టేటప్పుడు కుడిచేత్తో పై చక్రాన్ని ఒకసారి తనవైపు లాగి వదలడం కూడా ఇందుకే.

తనవైపు అన్న మాట ముఖ్యం. పై చక్రం ఎప్పుడూ కుట్టేవాళ్ల వైపుకే తిరగాలి. అవతలికి తిరిగిందా, షటిల్ కొక్కెం దారాన్ని పట్టాల్సిన వేళకు పట్టదు. దారం తెగుతుంది, లేదంటే కింద గుడ్డకు వెంట్రుకల ముద్దలా అంటుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల మిషను ‘పాడైంది’ అంటే సగం సార్లు ఇదే. అందుకని టైలరింగ్ నేర్పేచోట మొదట దారం ఎక్కించకుండా, గీతల కాగితం మీద ఒట్టి సూదితో తొక్కిస్తారు. రెండు పాదాలూ పలక మీద ఉండాలి, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. కదలాల్సింది మడమ, మునివేళ్లు. తొడలు కదులుతున్నాయంటే పీట ఎత్తు కుదరలేదని అర్థం. వంటింటి స్టూలు మీద కూర్చుని సాయంత్రానికి నడుం నొప్పి అనేవాళ్లకు మందు బిళ్లకన్నా సరైన ఎత్తున్న పీట మేలు.

మిషను బరువెక్కితే మొట్టమొదట చేయాల్సింది నూనె డబ్బా అందుకోవడం కాదు, బెల్టు తీయడం. బెల్టు తీసేస్తే పైదాని బరువు పైదానిది, కిందిదాని బరువు కిందిదానిది. పలకను ఒకసారి తొక్కి వదిలితే పెద్ద చక్రం తనంతట తాను కొన్ని చుట్లు తిరిగి ఆగాలి. వెంటనే ఆగిపోతే జబ్బు కిందే ఉంది. పలక రెండు చివర్ల మొనలు ఆనే చోట, కడ్డీ రెండు కొసల దగ్గర, చక్రం నడిమి ఇరుసు దగ్గర జుట్టు, దారపు పోగులు చుట్టుకుని ఉంటాయి. వాటిని పట్టకారుతో లాగేసి ఒక్కో చుక్క నూనె వేస్తే చాలు. కింద అంతా తేలిగ్గా ఉంటే పైకి రావాలి. చిన్న చక్రం మధ్యనున్న గుండ్రటి బిళ్లను వదులు చేస్తే చక్రం ఒక్కటే తిరుగుతుంది, సూది కదలదు. అప్పుడు తేలిగ్గా తిరిగి, బిళ్ల బిగించగానే బరువెక్కితే జబ్బు మిషను తల, అంటే బల్ల మీది భాగం, లోపల ఉన్నట్టు. ఇంత చూడటానికి అయిదు నిమిషాలు పట్టదు, పానాలతో పనీ లేదు.

లోపలి జబ్బుల్లో ఎక్కువ భాగం నూనె చేసినవే. నూనె లేక పాడైన మిషన్లకన్నా తప్పు నూనె పోసి పాడుచేసినవే ఎక్కువ కనిపిస్తాయి. ఇంట్లో ఉన్నది పోయడం మన అలవాటు. కొబ్బరినూనె పోస్తే చలికాలం పొద్దున గడ్డకడుతుంది. డిసెంబరులో వరంగల్‌లో తలనూనె సీసాను ఎండలో పెట్టాల్సి వస్తుందని అందరికీ తెలుసు, మిషను కడుపులో జరిగేదీ అదే. పల్లినూనె, నువ్వులనూనె గాలి తగిలి జిగురవుతాయి, చివరికి పసుపురంగు వార్నిషులా గట్టిపడతాయి. ఆముదం బండి ఇరుసు కందెనకు సరిపోయింది గాని, సన్నటి కీళ్లకు మరీ చిక్కన. దుమ్మునంతా తనకే అంటించుకుంటుంది. బండి ఇంజను నూనె కూడా వద్దు. కావలసింది నీళ్లలా పలచగా, రంగూ వాసనా దాదాపు లేకుండా ఉండే కుట్టు మిషను నూనె. చిన్న సీసా కొంటే ఇంటి మిషనుకు ఏడాది పైన వస్తుంది.

జిగురు పట్టిన మిషనుకు వైద్యం కిరోసిన్. ఇప్పుడది ఇదివరకటంత తేలిగ్గా దొరకదు, అయినా కాస్తంత చాలు. నూనె రంధ్రాలన్నిటిలో చుక్కలు వేసి, దారం తీసేసి, గుడ్డను అదిమే పాదం లేపి పెట్టి, పది నిమిషాలు తొక్కాలి. గోధుమరంగు చారలు కిందికి కారతాయి, గుడ్డతో తుడవాలి, మళ్లీ వేయాలి. గట్టిగా పట్టినదైతే రాత్రంతా వదిలేసి మర్నాడు చూడాలి. కిరోసిన్ కడుగుతుంది గాని కందెన కాదు, ఇనుమును పొడిగా వదిలేస్తుంది. కాబట్టి చివర్లో మిషను నూనె వేయకుండా లేవకూడదు. ఆ తర్వాత చెత్త గుడ్డ మీద గజం దూరం కుట్టు వేసి, మరకలు పడటం లేదని చూసుకున్నాకే గిరాకీ పట్టుచీర జాకెట్టు ముట్టుకోవాలి.

తల పైభాగం తుడిచేటప్పుడు స్పిరిటు, శానిటైజరు దగ్గరికి రానివ్వకూడదు. పాత సింగర్ కంపెనీ మిషన్ల నల్లటి ఒంటి మీద బంగారు పూలను కాపాడుతున్నది పైన వేసిన లక్క పూత. లక్క స్పిరిటులో కరుగుతుంది. ఒక్క తుడుపుతో నిగనిగ పోయి, ఆ వెంటే పూలూ పోతాయి. పొడి మెత్తటి గుడ్డకు రెండు చుక్కల మిషను నూనె అద్ది తుడిస్తే సరిపోతుంది.

బరువు కాక కాలికి తెలిసేవి ఇంకో మూడు నాలుగున్నాయి. ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమని కుదుపు వస్తుంటే బెల్టు అతుకు దగ్గరి తీగ కొక్కెం పైకి లేచి ఉంటుంది, పట్టకారుతో నొక్కితే పోతుంది. కుదుపుతోపాటు కింద గడగడమంటే కడ్డీ కొస వదులైంది. కాలు ఆడుతున్నా సూది తడబడుతుంటే బెల్టు జారుతోంది. తోలు వానాకాలం తేమకు సాగుతుంది, ఎండాకాలం ఎండి బిరుసెక్కుతుంది. సాగినప్పుడు పావు అంగుళం కోసి, కొత్త రంధ్రం పొడిచి, తీగ మళ్లీ వంచాలి. బిగుతు అవసరానికి మించితే అదే కొత్త బరువవుతుంది. జారకుండా ఉంటే చాలు, తీగలా మోగక్కరలేదు. బెల్టుకు నూనె తగలకూడదని వేరే చెప్పనక్కరలేదు. ఇక ఉన్నట్టుండి చక్రం బిగుసుకుపోతే బలం ఉపయోగించొద్దు. షటిల్ తిరిగే గూట్లో దారం ముక్క ఇరుక్కుని ఉంటుంది. చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిపి, గూడు మూత విప్పి తీసేయాలి. ఇక్కడ ఎగబడి తొక్కి షటిల్ మొన విరగ్గొట్టినవాళ్లు చాలామందే ఉంటారు.

వింతైన జబ్బు ఒకటుంది. కాలు గాలిలో ఆడినట్టు తేలిగ్గా పోతుంది, చక్రం తిరుగుతుంది, సూది మాత్రం కదలదు. బాబిన్ (కింది దారపు చిన్న కండె) చుట్టడానికి నడిమి బిళ్ల వదులు చేసి మళ్లీ బిగించడం మర్చిపోతే ఇట్లా అవుతుంది. బిగించినా బిగియకపోతే బిళ్ల వెనక మూడు కొమ్ముల వాషరు తిరగబడి ఉంటుంది. ఎవరో శుభ్రం చేద్దామని విప్పి తిరిగి పెట్టేటప్పుడు జరిగే పొరపాటు. వాషరును సగం చుట్టు తిప్పి పెడితే సరి. ఈ ఒక్క ముక్క తెలియక మిషనును ఆటోలో వేసుకుని బజారుకు పట్టుకుపోయేవాళ్లున్నారు.

అయితే కాలు అన్నీ చెప్పదు. సూది, దారం జబ్బులు కంటితోనే చూడాలి. గుడ్డ అడుగున దారం ముద్ద కడితే అందరూ కింది బాబిన్‌ను అనుమానిస్తారు, తప్పు దాదాపు ఎప్పుడూ పైదారానిది. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి నడుమకు పోదు, అదుపు లేకుండా కిందికి జారుతుంది. పాదం లేపి మళ్లీ ఎక్కిస్తే సగం ఫిర్యాదులు అక్కడికక్కడే తీరుతాయి. కుట్లు తప్పుతుంటే సూదిని చూడాలి. సూదికి ఒకవైపు పొడవైన గాడి, ఇంకోవైపు తలకాయ దగ్గర చదును. దారం గాడి వైపు నుంచి కంట్లోకి పోవాలి, చదును దానికి ఎదురు వైపు ఉండాలి. తిరగబడితే ఒక్క కుట్టూ పడదు. నూలు గుడ్డకు 14 నంబరు, పలచటి పట్టుకు, వాయిల్‌కు 11, జీన్సుకు 16 లేదా 18. పది రూపాయల సూదిని విరిగేదాకా వాడటం మన దగ్గర పొదుపు కింద చెలామణీ అవుతోంది. మొద్దుబారిన సూది పట్టులో పోగులు లాగేస్తే కట్టాల్సిన పరిహారం ముందు అదెంత!

వందేళ్ల కిందటి మిషనుకు ఇవాళ వరంగల్ బజారులో బాబిన్ దొరకడం వెనక కొంత కథ ఉంది. 1846లో ఎలియాస్ హోవే రెండు దారాల ముడికుట్టుకు పేటెంటు తీసుకున్నాడు, 1851లో ఐజాక్ సింగర్ తన మిషనుకు తీసుకున్నాడు. సింగర్ కంపెనీ గెలిచింది యంత్రం గొప్పతనంతో మాత్రమే కాదు, 1850లలోనే కిస్తీల మీద అమ్మడం మొదలుపెట్టింది. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైన మిషన్లు లోకమంతటా పోయాయి. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. మన దేశంలో 1930ల నడుమ కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషనును తెచ్చింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1934లో, వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు వెలిసింది. మిల్లు పోయింది, మిషను మిగిలింది. తర్వాత లూధియానా కార్ఖానాలు సింగర్ 15 రకం నమూనానే పట్టుకుని లక్షల్లో పోతపోశాయి. బాబిన్, షటిల్, సూది, పాదం అన్నీ ఒకే కొలత. అందుకే తాత కొన్న దానికి మనవరాలు కొన్న విడిభాగం పడుతుంది. యంత్రాలంటే గిట్టని గాంధీ కూడా కుట్టు మిషనును మాత్రం పనికొచ్చే వస్తువుల లెక్కలో వేశాడు.

ఈ కొలత సంగతి పాతది కొనేటప్పుడు అక్కరకొస్తుంది. పడవ ఆకారపు షటిల్, పొడవాటి సన్న బాబిన్ ఉన్న మిషను చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కుట్టూ చక్కగా పడుతుంది. దాని బాబిన్ పోతే మాత్రం వెతుకులాటే. రోజువారీ పనికి గుండ్రటి బాబిన్ రకమే మంచిది. బెల్టు తీసి రెండు వేళ్లతో చక్రం తిప్పి చూడాలి. సూది కడ్డీని పట్టుకుని పక్కకు ఊపి చూడాలి, ఊగితే అరిగింది. సూది దిగే పలక రంధ్రం అంచులు గీరుకుని ఉంటే అక్కడ దారం తెగుతూనే ఉంటుంది, పలక మార్చాలి. పళ్ల మొనలను గోటితో తాకితే గుచ్చుకోవాలి. పైపైన తుప్పు, వెలిసిన పూలు, పగిలిన బల్ల చూసి బేరం తగ్గించుకోవచ్చు గాని, కొనడం మానుకోనక్కరలేదు. పోత ఇనుప కాళ్లలో పగులుంటే మాత్రం ఆలోచించాలి. పోత ఇనుమును అతికించడం ప్రతి వెల్డింగు షాపు వల్లా కాదు. ఆటోలో తెచ్చేటప్పుడు తలను కాళ్ల నుంచి విడదీసి తేవాలి. తలే పన్నెండు పదమూడు కిలోలుంటుంది, దొర్లితే స్టాండునూ విరగ్గొడుతుంది.

బల్ల కర్రది గనక మన వైపు దాని మొదటి శత్రువు చెదలు. గోడకు ఆనించి ఉంచితే ఇనుప కాళ్లున్నాయని ఊరుకోవు, గోడ మీదుగా బల్లలోకి దూరుతాయి. జానెడు ఎడం ఉంచడమే మందు. చెడిన బల్లకు బదులు కొత్తది చేయించడం అంత కష్టమేమీ కాదు. ఆదిలాబాద్, మంచిర్యాల వైపు టేకు తెలిసిన వడ్ల పనివాడికి పాత పలకను నమూనాగా ఇస్తే తల కూర్చునే కంత, వెనక రెండు మడతబందు రంధ్రాలు అచ్చంగా తీస్తాడు. ఇప్పటి ప్లైవుడ్ బల్లకన్నా అది పదేళ్లు ఎక్కువే వస్తుంది. వానాకాలం మిషను మీద ప్లాస్టిక్ కప్పితే లోపల చెమట పట్టి తుప్పు పడుతుంది, పాత నూలు చీర ముక్క కప్పాలి. పని లేని రోజుల్లో పాదం కింద చిన్న గుడ్డ ముక్క పెట్టి దించితే పళ్ల మొనలకు రాపిడి ఉండదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే బెల్టు గాడిలోంచి తప్పించి ఉంచడం ఇంకా మంచిది, తిరిగే పెద్ద చక్రంలో వేలు పెట్టని పిల్లలు ఉండరు.

మోటారు పెట్టించాలా వద్దా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పెట్టించడమే న్యాయం, అందులో వాదన లేదు. రోజుకు ఇరవై ముప్పై జతలు కుట్టేవాళ్లకూ అంతే. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలూ ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తుంది. ఆ డబ్బు వస్తే కొత్త మిషను కొనుక్కోవచ్చు, దానికి మోటారు పెట్టించుకోవచ్చు. పాతదాన్ని కిలోల లెక్కన పాత ఇనుము బండికి వేయడం మాత్రం తెలివితక్కువ బేరం. కొత్త మిషన్ల పోత పలచగా ఉంటోంది, తిరిగే భాగాల నునుపు కూడా అంతంతమాత్రం. పాతది మెడ వంపులకు, కాజా పట్టీలకు, నేర్చుకునే పిల్లలకు పక్కన ఉండనీయాలి. మోటారు బిగించినా తోలు బెల్టు, తొక్కుడు కడ్డీ తీసి పారేయకూడదు. నెలకోసారి మోటారు బెల్టు విప్పి, తోలు బెల్టు వేసి తొక్కి చూస్తే లోపల ఏం జరుగుతోందో మోటారు దాచిపెట్టిన కబురు కాలు చెప్పేస్తుంది.

ఏడాదికోసారి పూర్తిగా విప్పి శుభ్రం చేయడానికి దసరాను మించిన ముహూర్తం లేదు. బతుకమ్మ గిరాకీ అప్పటికి అయిపోతుంది, సద్దుల బతుకమ్మ నాటి రాత్రి దాకా కుట్టిన జాకెట్ల రంగురంగుల నూగు పళ్ల కింద పొరలు పొరలుగా పేరుకుని ఉంటుంది, చాలాసార్లు అట్టలాగా ఊడివస్తుంది. సూది పలక రెండు మరలు విప్పి, చిన్న బ్రష్షుతో దాన్ని తీసేయాలి. నోటితో ఊదితే తేమ లోపలికి పోతుంది. పండుగ నాడు మిషనుకు పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, ఆ రోజంతా దాన్ని ముట్టరు. ఇందులో చిన్న చిక్కుంది. కుంకుమ నూనె రంధ్రాల మీద పెడితే లోపలికి జారి ఆకురాయి పొడిలా పనిచేస్తుంది, తడి దండ నుంచి కారిన నీళ్లు రాత్రికి రాత్రే సూది పలక మీద గోధుమరంగు చుక్కలు వేస్తాయి. బొట్టు చక్రం మీద పెట్టి, దండ బల్ల అంచుకు కట్టి, మర్నాడు పొద్దున్నే అంతా పొడిగుడ్డతో తుడిచి, రంధ్రానికో చుక్క నూనె వేసి, చెత్త గుడ్డ మీద నాలుగు గీతలు తొక్కాలి.